సముద్రంలోకి దిగని నాయిక

మొన్న మీలో కొందరు మా ఇంటికి వచ్చారు. ఒక పాత నవలని పాటల నాటకంగా కడుతున్నారట. సగం మంది ముగింపు మార్చాల్సిందే అంటున్నారట, తక్కిన సగం మంది పెద్దలు రాసినదాని మీద చెయ్యి వేస్తే ఊరుకోం అంటున్నారట. "మీరు అనుభవం ఉన్నవారు, మీరే తేల్చండి" అని నా ముందు కూర్చున్నారు. కాఫీ ఇచ్చి, ఏమీ తేల్చకుండానే పంపించాను. నాకు తీర్పులు చెప్పడం చేతకాదు. బతుకంతా నాటకాలకి హార్మోనియం వాయించినవాణ్ణి. పాడేవాడికి శ్రుతి ఇవ్వడం, పద్యం మరిచిపోతే ఎత్తుగడ అందించడం, అదీ మా పని. కాని మీరు వెళ్ళిపోయాక, మేమూ ఒకప్పుడు ఇదే గొడవలో పీకలదాకా దిగామని గుర్తుకొచ్చింది. అది రాసి ఇస్తున్నాను. తేల్చుకోవడం మీ వంతు.

అవి యుద్ధం రోజులు. మాది విజయనగరంలో ఒక చిన్న నాటక సమాజం. పౌరాణికాలు ఆడి ఆడి, ఆడేవాళ్ళకి విసుగు పుట్టింది, చూసేవాళ్ళకి అవి కంఠతా వచ్చేశాయి. రాజు వేషం వేసినవాడు నోరు తెరవకముందే వెనక బెంచీలవాళ్ళు పద్యం అందుకునేవారు. ఏదైనా కొత్తది వెయ్యాలని అందరికీ పట్టుదల పుట్టింది.

అప్పట్లో మా జిల్లాల్లో చదువు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక నవల ఉండేది. పేరు చెప్పను. చదువు రానివాళ్ళకి కూడా ఆ కథ తెలుసు, ఎందుకంటే ఒకరు పైకి చదువుతుంటే వీధంతా కూర్చుని వినేవారు. సముద్రపు ఒడ్డున ఒక రేవు ఊరు. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు రంగూను వెళ్తాడు. అతని ఓడ మునిగిందని కబురు వస్తుంది. రేపు నీ బొట్టు తీయిస్తామని చెప్పి అత్త కోడలి చేతికి తెల్లచీర ఇస్తుంది. ఆ పిల్ల ఆ సాయంత్రమే చీరని ఒడ్డున వదిలి సముద్రంలోకి నడిచిపోతుంది. మర్నాడు ఇంకో ఓడలో మొగుడు దిగుతాడు. ఆ చివరి ప్రకరణం చదివి ఏడవని మనిషి మా వైపు లేడు. ఆ నవలనే పద్యాలతో, పాటలతో నాటకం కడదామనుకున్నాం. వచనాన్ని పద్యాల్లోకి మార్చే పని మా సమాజంలోని తెలుగు మాష్టారు తీసుకున్నారు, పద్యాలకి రాగాలు అమర్చే పని హార్మోనియం మేష్టారినైన నా మీద పడింది.

నాయిక వేషం ఎవరిదన్నది ప్రశ్నే కాదు. మాకు నాయిక వేషాలన్నీ ఒకాయనే వేసేవాడు. బజారులో బెల్లం కొట్టు ఆయనది, వర్తకుల ఇంటి పెద్దకొడుకు. మేమంతా షావుకారు అనేవాళ్ళం. పగలు బెల్లం దిమ్మలు తూచే మనిషి, చీర కట్టుకుని రంగం మీదకి వస్తే ఆడవాళ్ళు కూడా ఆ నడక చూసి నేర్చుకోవాలనిపించేది. గొంతు మాత్రం ఖంగుమనేది. ఆయన కొట్టు వెనక గోదాములోనే మా రిహార్సళ్ళు. దానివల్ల నాకు ఒక్కటే ఇబ్బంది. బెల్లం వాసనకి హార్మోనియంలోకి చీమలు పట్టేవి. వాయించడానికి ముందు పెట్టె విప్పి చీమల్ని దులపడం రోజూ ఒక పని అయింది.

ముందు నవల రాసిన ఆయన అనుమతి కావాలి. ఆయన వకాలతు మానేసి శృంగవరపుకోటలో ఉండేవారు. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులు అవి. ఎత్తు వచ్చిందంటే అందరం దిగి నడవాల్సిందే, ఒక్కోచోట తొయ్యాల్సిందే. నేనూ షావుకారూ మొహాల నిండా మసితో ఆయన గుమ్మంలోకి వెళ్ళాం. ఆయన ఉబ్బసం మనిషి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగేవారు.

"సముద్రం గురించి ఒక ప్రకరణం మొత్తం రాశాను. దాన్ని ఏం చేశారు?" అని అడిగారు.

"నీలం గుడ్డ కొన్నాం బాబూ. సెరో కొసా ఇద్దరు పట్టుకొని ఊపుతారు," అన్నాడు షావుకారు.

ఆయన నవ్వు మొదలుపెట్టి ఆపలేక దగ్గులో పడ్డారు. లోపలినుంచి ఎవరో వేడినీళ్ళు తెచ్చి ఇస్తే తాగి, తేరుకుని, అప్పుడు సంగతికి వచ్చారు. "అత్తని మార్చుకోండి, మొగుణ్ణి మార్చుకోండి, పాటలు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోండి. ఒక్కటే షరతు. ఆ పిల్లని చంపుకున్నది నేను. మీరు బతికించకండి. నేను వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. ఆ పిల్ల బతికిందో, అక్కడే లేచి నాటకం ఆపిస్తాను."

మాట ఇచ్చాం. ఇవ్వడానికి మాకేం కష్టం? ఆ చావు కోసమే కదా జనం వస్తారు. ముఖారి రాగంలో చివరి పద్యం, దాని వెనక నీలం గుడ్డ, ఆ పైన మొగుడి ఏడుపు. ఎక్కడ చప్పట్లు పడతాయో, ఎక్కడ వన్స్ మోర్ అంటారో తిరుగు బస్సులోనే లెక్కలు వేసుకున్నాం.

అసలు చిక్కు షావుకారు ఇంట్లోనే ఉంది. ఆయన తమ్ముడు నిజంగానే రంగూనులో ఉన్నాడు. మా వైపు వాళ్ళకి రంగూను కొత్త ఊరు కాదు, వాడుకలో రంగం అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో అతను గుమస్తా. జపానువాళ్ళు రంగూనుని పట్టుకున్నాక మనవాళ్ళు అడవుల్లో పడి కొండలు దాటి నడిచి వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. ఈ కుర్రవాడి సంగతి ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్ళని అడిగితే ఒకడు చూశానన్నాడు, ఇంకొకడు చూడలేదన్నాడు. అతని భార్య అత్తవారింట్లోనే ఉంది. అంటే షావుకారుకి మరదలు. తక్కువ మాట్లాడే పిల్ల. రిహార్సలు మధ్యలో మజ్జిగ చెంబులు గోదాము గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేది.

షావుకారు తల్లి గట్టి మనిషి. మొదట్లో ఆవిడకి మా నాటకం మీద ఒకటే ఫిర్యాదు, అత్త పాత్ర గురించి. "అత్తంటే రాకాసేటి? కొడుకు సచ్చిపోనాడంటే దానికి మాత్రం కడుపు కాలదేటి? దానికీ ఒక పజ్జెం ఎట్టండి," అనేది. న్యాయమైన మాటే. మాష్టారితో చెప్పి అత్తకి కూడా ఒక పద్యం రాయించాను. ఇప్పుడు మీరు కథని కొత్త చూపుతో చెప్పడం అంటారే, మాకు అది ఆవిడ నేర్పింది.

నాటకం దగ్గరపడుతుండగా ఒకనాడు ఆవిడ పురోహితుణ్ణి పిలిపించి మాట్లాడింది. చిన్నకొడుక్కి కర్మ చేయించేయాలని ఆవిడ పట్టు. పన్నెండేళ్ళు ఆగడం శాస్త్రమని ఆయన నసిగినా, పోయాడని కుటుంబం నమ్మితే చేయవచ్చునని దారి చూపించాడట. కర్మ జరిగితే ఆ పిల్లకి బొట్టు ఉండదు, గాజులు ఉండవు. మా ప్రదర్శన అయిన మర్నాడు పురోహితుడు ముహూర్తం చెప్పడానికి వస్తానన్నాడు.

ఆవిడ చెడ్డదని అనుకోకండి. నేనూ అనుకున్నాను, కాని ఆవిడే ఒకరోజు గోదాములో బెల్లం దిమ్మ మీద చతికిలబడి నాతో చెప్పింది. "దారిలో పోయుంటే ఆడికి నీల్లొదిలినోడు ఎవడున్నాడు బాబూ? పిడికెడు మెతుకులు ఎట్టినోడు ఎవడు? నాను మూడు పూటలా తింతన్నాను. ఆడు ఆకలితో తిరుగుతున్నాడేమో ఏ అడివిలోనో." అలా అంటున్నప్పుడు ఆవిడ చెయ్యి పక్కనున్న దిమ్మని తడుముతూనే ఉంది.  ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే మనిషి మీద ప్రేమ. ఒకావిడకి అతను పోయాడు, ఆకలి తీర్చాలి. ఇంకొకావిడకి అతను వస్తాడు, ఎదురు చూడాలి.

ఆ వారంలోనే, షావుకారు కొట్టులో బేరంలో ఉండగా నేను ఒక్కణ్ణే చీమలు దులుపుకుంటూ కూర్చున్నాను. మరదలు మజ్జిగ తెచ్చి, ఎప్పటిలా వెళ్ళిపోకుండా గుమ్మం పక్కన నిలబడింది.

"అన్నయ్యా, ఆ గుంట ఆకర్ని సముద్రంలోకి ఎల్లిపోవాల్సిందేనా?"

"పుస్తకంలో అలాగే ఉందమ్మా."

"మర్నాడు మొగుడొస్తాడని పుస్తకం రాసినాయనకి తెలుసు గదా," అంది. "తెలిసినోడు, ఒక్క రోజాగవే అని దానికి సెప్పనేకపోనాడా?"

జవాబు కోసం ఆగలేదు, చెంబు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. నేను ఆ నవల ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. ప్రతిసారీ ఏడ్చాను. ఈ మాట ఒక్కసారి కూడా తట్టలేదు.

షావుకారుతో చెప్పాను. ఆయన చాలాసేపు త్రాసు గొలుసు సవరించుకుంటూ ఉండిపోయాడు. "నాకాడ సెప్తే ఏటి లాభం మేష్టారూ? అమ్మకి ఎదురు సెప్పనేను. దాని మొకం సూడనేను. పోనీ నాటకంలోనైనా మారుద్దామా అంటే ఆయనకి మాటిచ్చి వచ్చినాం. ఆడేసి ఊరుకుందాం," అన్నాడు. అన్నాడేగాని ఆ రోజు రిహార్సల్లో ముఖారి పద్యం సగంలో ఆపేశాడు. చలి చేసిందని సర్దుకున్నాడు.

ఇక్కడ రెండు సంగతులు చెప్పకపోతే ఆ రోజు ఏం జరిగిందో మీకు బోధపడదు.

మొదటిది, ఆ నాటకం పట్టపగలు ఆడాం. తీరప్రాంతంలో చీకటి పడ్డాక దీపాలు కనపడకూడదని ఆంక్షలు. అందుకని మధ్యాహ్నం పూట, తాటాకు పందిట్లో ఆట. పెట్రోమాక్సు దీపాలు మన మొహం మీద వెలుగుతుంటే రంగం మీదున్నవాడికి ఎదుట జనం కనపడరు, ఒక చీకటి మూక మాత్రం కనపడుతుంది. ఆడేవాడికి అదే ధైర్యం. పగలైతే అంతా బట్టబయలు. జనానికి మా షావుకారు గడ్డం మీది పచ్చదనం రంగు లోంచి కనపడింది, మా షావుకారుకి జనంలో ప్రతి మొహమూ కనపడింది.

రెండోది, మా తెర లాగే ముసలాయన. మామూలుగా బండి తోలుకునే మనిషి, మాకు ఆట ఉన్న రోజున తెర తాడు ఆయన చేతిలో ఉండేది. కథతో ఆయనకి నిమిత్తం లేదు. తాడు మణికట్టుకి చుట్టుకుని పక్కన కునుకు తీస్తాడు. ఎంత గొప్ప నాటకమైనా ఆఖరికి మంగళం పాడాలి కదా, మంగళం ఎప్పుడూ మధ్యమావతి రాగంలోనే. ఆ తరువాత ఇంక పాట ఉండదు. ఆయన చెవికి తెలిసింది ఆ ఒక్క రాగమే. మధ్యమావతి వినపడితే చాలు, కళ్ళు తెరవకుండానే తాడు వదిలేస్తాడు. ఒకసారి అంకానికీ అంకానికీ మధ్య ఊరికే ఆ రాగం మీద వేళ్ళు ఆడించాను. తెర వచ్చి రాజుగారి కిరీటం మీద పడింది. ఆనాటినుంచి ఆ రాగం ఆఖరికి తప్ప ముట్టకూడదని నాకు సమాజం ఆజ్ఞ.

ఆ మధ్యాహ్నం పందిరి కిటకిటలాడిపోయింది. ముందు వరసలో నవల రాసిన ఆయన, ఒళ్ళో దుప్పటి, పక్కన వేడినీళ్ళ చెంబు. కుడివైపు ఆడవాళ్ళు. అందులో రెండో వరసలో షావుకారు తల్లి, ఆవిడ పక్కన మరదలు. ఇంటిపట్టున ఉండమంటే ఉండక తనూ వస్తానందట. పందిరి కొసని రేవు నుంచి చేపలమ్మడానికి వచ్చిన ఆడవాళ్ళు గంపలు బోర్లించుకుని కూర్చున్నారు.

నాటకం మొదటినుంచీ రక్తి కట్టింది. అత్త పద్యానికి వన్స్ మోర్ పడింది, షావుకారు తల్లి చుట్టూ గర్వంగా చూసుకుంది. మొగుడు ఓడ ఎక్కే పాట దగ్గర చేపల వాళ్ళు వంత పాడారు. రచయిత గారు తొడ మీద తాళం వేస్తున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క గండం గట్టెక్కితే చాలనుకుంటూ చివరి రంగంలోకి వచ్చాం.

అత్త వచ్చి తెల్లచీర చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అసలుసిసలు పొందూరు చీర, దాని కోసం మనిషిని పంపించి మరీ తెప్పించాం. వెనక ఇద్దరు నీలం గుడ్డ ఊపడం మొదలుపెట్టారు. నేను ముఖారి ఎత్తుకున్నాను. షావుకారు చీర రెండు చేతులా పట్టుకుని, పద్యం ఎత్తుకోవడానికి జనం వైపు తిరిగాడు. తిరిగి, అలాగే ఉండిపోయాడు.

పద్యం మరిచిపోయాడనుకుని ఎత్తుగడ అందించాను. మరిచిపోతే నా వైపు చూడాలి. చూడలేదు. ఆయన చూపు ఎక్కడుందో అటు చూశాను. మరదలు రెండో వరసలో నిటారుగా కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ ఏడుపుకి సిద్ధంగా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పిల్ల ఒక్కతే ఏడవడం లేదు. తనకి ఏం శిక్ష వేస్తారో వినడానికి వచ్చినట్టు, కనురెప్ప ఆర్పకుండా బావగారినే చూస్తోంది.

ఎత్తుగడ మళ్ళీ అందించాను. షావుకారు నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. రంగు పూసిన ఆ మొహం మీద చెమటా కన్నీళ్ళూ కలిసి చారలు కట్టాయి. వెనక సముద్రం ఊపుతున్నవాళ్ళ చేతులు పడిపోతున్నాయి, గుడ్డ మెల్లగా కిందికి జారుతోంది. పక్కన మొగుడు వేషధారి రంగూను పెట్టె పట్టుకుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని మెడ సాచి చూస్తున్నాడు. ముందు వరసలో రచయిత గారు ముందుకి వంగారు.

అప్పుడు నేను ఏమనుకున్నానని మీరు అడిగితే చెప్పలేను. ఆయన్ని ఆ నీళ్ళలోకి పంపలేను అనిపించింది, అంతే. నా వేళ్ళు ముఖారి వదిలి మధ్యమావతి పట్టుకున్నాయి.

తెర ముసలాయన కళ్ళు తెరిచాడో లేదో తెలియదు గాని, తాడు వదిలేశాడు. తెర దబ్బున కిందపడింది. తెరకి అవతల జనం, ఇవతల మేము. నాయిక ఒడ్డునే ఉంది, బొట్టుతోనే ఉంది. తెల్లచీర మడత కూడా విప్పలేదు.

 నవల కంఠతా వచ్చిన జనం కదా, ఇంకా ఏదో ఉందని కూర్చున్నారు. ఎవరో ఒకాయన "సముద్రం ఏదీ?" అన్నాడు. ఇంకొకాయన "మొగుడు రావాలి కదా" అన్నాడు.  అప్పుడు పందిరి కొసనుంచి చేపలమ్మే ముసలావిడ గొంతు వినపడింది. "బతికినాది గదా, ఇంకేటి సూస్తారు? లెగండి, లెగండి, పొద్దుపోతన్నాది." గంప నెత్తిన పెట్టుకుని లేచింది. ఆవిడ వెనక మిగతావాళ్ళు లేచారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ మీదట పందిరి కూలిపోతుందేమో అనిపించింది.

నేను తెర సందులోంచి ఆడవాళ్ళ వైపు చూశాను. షావుకారు తల్లి కోడలి మణికట్టు పట్టుకుని ఉంది. గాజుల మీదుగా పట్టుకుంది. అలాగే పట్టుకుని జనంలోంచి నడిపించుకుపోయింది.

మేము ఊపిరి పీల్చుకునే లోపు రచయిత గారు ఇద్దరి భుజాల మీద ఆనుకుని తెర వెనక్కి వచ్చేశారు. మొగుడు వేషధారి అప్పటికే పెట్టె నేలకేసి కొట్టి నన్ను నానా మాటలూ అంటున్నాడు. ఆయన్ని చూసి ఆగిపోయాడు. షావుకారు చీరతోనే ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"మాట తప్పినాం బాబూ."

"నువ్వు లేవయ్యా ముందు. ఆ రాగం ఎత్తింది ఎవరు?"

నేను ముందుకి వచ్చాను.

"షరతు గుర్తుందా?"

"ఉందండి."

"మరి ఎవరు మార్చమన్నారు?"

ఎవరూ మార్చమనలేదని చెప్పాను. ఒకరు అడిగారని మాత్రం చెప్పాను. మరదలు పేరు ఎత్తలేదు, ఆవిడ అన్న మాట అన్నట్టుగా అప్పగించాను. మర్నాడు మొగుడు వస్తాడని రాసినాయనకి తెలుసు కదా, ఒక్క రోజు ఆగమని ఆ పిల్లకి చెప్పలేకపోయాడా అని.

ఆయన అక్కడున్న బల్ల మీద కూలబడ్డారు. ఊపిరి కూడగట్టుకున్నారు. ఆ తరువాత కోపంగానే అన్నారు. "చెప్పి ఉంటే పుస్తకం ఎక్కడుందయ్యా? ఆ పిల్ల చావకపోతే ఎవరేడుస్తారు? ఏడవకపోతే ఎవరు చదువుతారు?"

షావుకారు లేచి వేడినీళ్ళ చెంబు ఆయనకి అందించాడు.

"పుస్తకంలో చస్తుంది. అక్కడ నా ఇష్టం," అన్నారు మళ్ళీ. వేడినీళ్ళు తాగి చెంబు పక్కన పెట్టారు. "ఇవాళ జరిగింది పొరపాటు. తెర మనిషి తొందరపడి వదిలేశాడు. అంతేనా?"

అంతేనన్నాం.

"తరవాత ఎక్కడ ఆడుతున్నారు?"

"శ్రీకాకుళంలో బాబూ," అన్నాడు షావుకారు.

"ఆ పొరపాటు అక్కడ కూడా చెయ్యండి," అన్నారు ఆయన. మళ్ళీ ఇద్దరి భుజాలు పట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారని షావుకారు ఇప్పటికీ అంటాడు. నాకు కనపడలేదు, ఉబ్బసం వాళ్ళకి ఎప్పుడూ కళ్ళనీళ్ళే.

మర్నాడు పొద్దున్న నేను గోదాముకి వెళ్ళేసరికి పురోహితుడు అరుగు మీద పంచాంగం తిరగేస్తున్నాడు. షావుకారు త్రాసు ముందు కూర్చుని ఉత్తుత్తి తూకాలు తూస్తున్నాడు. లోపలినుంచి తల్లి వచ్చింది. పళ్ళెంలో బియ్యం, బెల్లం, తాంబూలం పెట్టి పురోహితుడికి ఇచ్చింది.

"ఇప్పుడొద్దు బాబూ. ఆగుదాం," అంది.

"ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు ఆయన.

"ఆడొచ్చిన దాకా. ఈలోగా ఆకలితో ఎవలొచ్చినా మా అరుగు మీద అన్నం ఎడతాను. ఎవల రూపంలో ఉన్నాడో ఏటో."

ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఎవరికో ఒకరికి రోజూ అరుగు మీద ఆకు పడేది. బర్మా నుంచి నడిచి వచ్చిన బికారులు ఊళ్ళో ఎంతమంది తిరుగుతుండేవారో మీకు తెలియదు. వడ్డించేది మరదలు. ఏ జిల్లావాడైనా, ఏ కులంవాడైనా ముందు విస్తరి, ఆ తరువాత ప్రశ్న. ఫలానా మిల్లు, ఫలానా మనిషి, చూశావా అని. నేను ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయం వేసేది, వచ్చినవాడు చూశానని ఎక్కడ చెప్పేస్తాడో, ఏం చూశానని చెప్తాడో అని.

శ్రీకాకుళంలోనూ పొరపాటు చేశాం. ఆ మీదట ఆడిన ప్రతిచోటా చేశాం. తెర ముసలాయనకి మాత్రం ఏదీ తెలియదు, నాటకం కాస్త పొట్టిదైందని సంతోషించాడు. మొగుడు వేషధారి నన్ను చచ్చేదాకా క్షమించలేదు. మొదటి అంకంలో ఓడ ఎక్కినవాడు మరి దిగలేదు కదా, ఆయన ఏడుపు పద్యాలన్నీ నీళ్ళపాలయ్యాయి. పత్రికలో ఒకాయన మేము మహానవలని ఖూనీ చేశామని రాశాడు. నవల రాసిన ఆయనే దానికి జవాబుగా, తనది చచ్చిన పిల్ల, వాళ్ళది బతికిన పిల్ల, ఇద్దరూ వేరని రాశారు.

యుద్ధం అయిపోయింది. మా తబలా ఆయన మేనత్త కొడుకు రంగూనులోనే పోయాడని తెలిసింది. మా వీధిలో ఇంకో ఇద్దరు రాలేదు, వాళ్ళ ఇళ్ళలో జరగాల్సినవి జరిగిపోయాయి. అందుకని మా నాటకం ఎవరినో వెనక్కి తెచ్చిందని మాత్రం నేను అనను. నాటకాలకి అంత బలం ఉంటే నేను ఇంకా చాలా రాగాలు మార్చి ఉండేవాణ్ణి.

అయితే ఒక మధ్యాహ్నం బజారులో గోల వినపడి వెళ్తే, బెల్లం కొట్టు ముందు ఎముకల గూడు లాంటి మనిషి నిలబడి ఉన్నాడు. షావుకారు అతన్ని వాటేసుకుని భోరున ఏడుస్తున్నాడు. రంగం మీద ఎన్నిసార్లు ఏడిచాడో గాని అంత అందవికారంగా ఎప్పుడూ ఏడవలేదు. తమ్ముడు నడక దారి పట్టలేదట, జ్వరంతో వెనకబడిపోయి, లోపలి పల్లెలో ఒక బర్మా రైతు ఇంట్లో వడ్లు దంచుకుంటూ యుద్ధం వెళ్ళిపోయేదాకా దాక్కున్నాడట. అరుగు మీద అప్పటికే ఎవరికో విస్తరి వేసి ఉంది. తల్లి ఆ మనిషిని పక్కకి జరిపి, ఆ పక్కనే కొడుక్కి ఇంకో ఆకు వేసింది. ఇంట్లోకి తీసుకువెళ్ళాలన్న ఊహ కూడా రాలేదు ఆవిడకి. వడ్డించడానికి మరదలు వచ్చింది. అన్నం పెట్టడం మొదలుపెట్టి ఆపడం మరిచిపోయింది, ఆకు దాటి అరుగు మీద పడుతున్నా. ఎవరూ ఆపలేదు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ఒళ్ళు కాస్త తేరుకున్నాక అతను మా నాటకానికి వచ్చాడు. భార్య పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు, అది చూసి నలుగురూ నవ్వుకున్నా లక్ష్యపెట్టలేదు. ఆట అయ్యాక ఇద్దరూ తెర వెనక్కి వచ్చారు. షావుకారు కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటున్నాడు. నేను హార్మోనియం సర్దుతున్నాను.

"పాటలు సానా బాగున్నాయి మేష్టారూ. అన్నియ్య కూడా బాగా సేసినాడు," అన్నాడు తమ్ముడు. ఆ తరువాత కాస్త మొహమాటపడ్డాడు. పాపం, అతను ఆ నవల చదవలేదు. "ఆకర్నే నాకు తెలీనేదు. తెర పడిపోనాది. ఇంతకీ ఆ మొగుడు వచ్చినాడా, రానేదా?"

షావుకారు రంగు తుడుచుకుంటున్న గుడ్డ మొహం మీదనుంచి తియ్యలేదు. నేను పెట్టె మూత వేస్తూ ఉండిపోయాను. 

"వచ్చినాడు," అంది అతని భార్య. "వచ్చి ఇలాటి పెశ్నలు అడుగుతున్నాడు. ఇంటికి నడవండి."